బయోస్‌లోని ఆ స్విచ్ జోలికి వెళ్లాలా?

టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కండి. గ్రాఫ్ కింద చిన్న అక్షరాల్లో ‘వర్చువలైజేషన్: ఎనేబుల్డ్’ అని ఉంటుంది. ఇంట్లో వాడే కంప్యూటర్‌కి ఇదెందుకు, బయోస్‌లోకి వెళ్లి ఆపేస్తే వేగం పెరుగుతుంది, వైరస్ భయమూ తగ్గుతుంది అని సలహా ఇచ్చేవాళ్లున్నారు. వేగం మాట అపోహ. భయానికి మాత్రం ఒకప్పుడు కారణం ఉండేది.

ఒకే యంత్రంలో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఒకేసారి నడవాలంటే వాటి పైన హైపర్‌వైజర్ అనే పెద్ద ఉండాలి. కీలకమైన ఆజ్ఞ ప్రతిదీ దాని కంటపడాలి. పాత ఎక్స్86 ప్రాసెసర్లలో చిక్కంతా ఇక్కడే. ‘పాప్‌ఎఫ్’ లాంటి ఆజ్ఞను అధికారం లేని ప్రోగ్రాం ఇస్తే, తప్పని అరవకుండా పని సగం చేసి ఊరుకునేవి. 1999లో వీఎంవేర్ అలాంటి ఆజ్ఞల్ని అప్పటికప్పుడు తిరగరాస్తూ నెట్టుకొచ్చింది. 2005లో ఇంటెల్, 2006లో ఏఎండీ అలాంటి ఆజ్ఞలు హైపర్‌వైజర్ కంటపడే ఏర్పాటును చిప్‌లోనే పెట్టాయి. బయోస్‌లో కనిపించే వీటీ-ఎక్స్, ఎస్‌వీఎం అవే. ఏ ప్రోగ్రామూ పిలవనంతసేపు అవి ఊరికే పడి ఉంటాయి. వాటివల్ల వేగం తగ్గదు.

ఇక భయం సంగతి. 2006లో జోఅన్నా రుట్‌కోవ్‌స్కా అనే పరిశోధకురాలు ‘బ్లూ పిల్’ చూపించింది. చిప్‌లోని ఆ ఏర్పాటునే వాడుకుని, నడుస్తున్న విండోస్ విస్టాను, దానికి తెలియకుండానే, ఓ దొంగ హైపర్‌వైజర్ కిందికి నెట్టేసింది! పెద్ద కుర్చీ ఖాళీగా ఉంటే ఎవరైనా ఎక్కి కూర్చోవచ్చని తేలింది.

ఇప్పుడా కుర్చీలో విండోస్ 11 తన హైపర్‌వైజర్‌నే కూర్చోబెట్టగలదు. ‘మెమరీ ఇంటిగ్రిటీ’ అనే కాపలా ఆ బలంతోనే నడుస్తుంది, సంతకం లేని కోడ్‌ను విండోస్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లోకి రానివ్వదు. బయోస్‌లో స్విచ్ ఆపితే ఈ కాపలా పోతుంది. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్, విండోస్‌లో లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్2 కూడా మొరాయిస్తాయి. ఇంట్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలుంటే అది వెంటనే తెలిసొస్తుంది.

కాపలాకి కొంత ఖర్చు ఉంది, దాచడం దేనికి? గేముల్లో కొన్నిసార్లు వేగం తగ్గుతుందని 2022లో మైక్రోసాఫ్టే ఒప్పుకుంది. పాత ప్రాసెసర్ల మీద ఆ బరువు ఎక్కువ. అలా అనిపిస్తే విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ, అందులో కోర్ ఐసొలేషన్‌కి వెళ్లి మెమరీ ఇంటిగ్రిటీ ఒక్కటి ఆపండి. ఆట అయ్యాక మళ్లీ వేయండి. బయోస్ దాకా పోనక్కర్లేదు.

మెమరీ ఇంటిగ్రిటీ మీట పడకపోతే ఏ డ్రైవర్ అడ్డుపడుతోందో అక్కడే ఫైలు పేరుతో సహా రాసి ఉంటుంది. నాకు అడ్డుపడింది ఎప్పుడో పక్కన పడేసిన వెబ్‌క్యామ్ డ్రైవర్. దాన్ని తీసేసి రీస్టార్ట్ చేస్తే పడింది.