సూది వద్దంటే శిక్ష... వికటిస్తే?

వరసలో నిలబడాలి. చొక్కా చేతులు పైకి మడవాలి. సూది పొడిపించుకోవాలి. ఒక్కసారి కాదు... ఆరుసార్లు! మొదటిరోజు ఒకటి, రెండు వారాలకు ఒకటి, నాలుగు వారాలకు మరొకటి. ఆ తర్వాత ఆరు, పన్నెండు, పద్దెనిమిది నెలలకు. అక్కడితోనూ అయిపోదు, ఏటా ఒకటి చొప్పున వేయించుకుంటూనే ఉండాలి. 'నాకొద్దు' అన్నారో, పై అధికారి ఆజ్ఞను ధిక్కరించినట్టే!

1998లో అమెరికా సైన్యంలో మొదలైన ఆంత్రాక్స్ టీకా కార్యక్రమం తీరిది.

ఆంత్రాక్స్ అంటే కొత్త జబ్బేం కాదు. మన పల్లెల్లో గొర్రెలకూ పశువులకూ వచ్చే దొమ్మరోగమే. ఆ సూక్ష్మజీవుల్ని పొడిగా మార్చి గాల్లోకి వదిలితే మాత్రం అది ఆయుధమవుతుంది. 1991 గల్ఫ్ యుద్ధంలో సద్దాం హుస్సేన్ ఆ పని చేస్తాడేమోనన్న భయంతో దాదాపు లక్షన్నర మంది అమెరికా సైనికులకు టీకా వేశారు. 1997 డిసెంబరులో రక్షణమంత్రి విలియం కోహెన్ మొత్తం 24 లక్షల మందికీ వేస్తామని ప్రకటించారు.

వందలాదిమంది వద్దన్నారు. కొందరి ర్యాంకు తగ్గించారు, జీతంలో కోత పెట్టారు. కొందరిని కోర్టు మార్షల్ చేశారు. రిజర్వు దళాల్లోని పైలట్లు కొందరు ఉద్యోగాలే వదిలేసుకున్నారు.

సరే, ఆజ్ఞ అన్నాక పాటించాల్సిందే. మరి ఆ సూది వికటిస్తే బాధ్యత ఎవరిది?

తయారుచేసిన కంపెనీదే అనుకుంటాం. ఆ టీకా తయారయ్యేది ఒక్కచోటే... మిషిగన్ రాష్ట్రంలోని లాన్సింగ్‌లో. రాష్ట్ర ప్రభుత్వ ప్రయోగశాలగా ఉన్న దాన్ని 1998లో బయోపోర్ట్ అనే ప్రైవేటు సంస్థ కొనుక్కుంది. అదే ఏడాది ఆర్మీ సెక్రటరీ లూయిస్ కాల్డెరా ఒక హామీపత్రం మీద సంతకం చేశారు. టీకా వల్ల హాని జరిగిందని ఎవరైనా దావా వేస్తే ఆ నష్టాన్ని ప్రభుత్వమే భరిస్తుందన్నది దాని సారాంశం.

కంపెనీకి ఇంత వెసులుబాటా అనిపిస్తుంది కానీ, దాని వెనక కారణం లేకపోలేదు. మామూలు జనం కొనని టీకా అది. ఒక్క పెద్ద దావా పడితే చాలు, ఫ్యాక్టరీకి తాళం. 1976లో స్వైన్ ఫ్లూ టీకా విషయంలో బీమా కంపెనీలు చేతులెత్తేస్తే ప్రభుత్వమే బాధ్యత తలకెత్తుకుంది. నాలుగు కోట్ల మందికిపైగా సూది వేశాక కొందరికి గిలాన్ బారీ పక్షవాతం వచ్చింది. పరిహారం ప్రభుత్వమే చెల్లించింది.

అయితే అప్పుడు వేయించుకున్నది ప్రధానంగా మామూలు పౌరులు. వాళ్లకు ప్రభుత్వం మీద దావా వేసే దారి ఉంది. సైనికులకు?

పొట్టలో తువ్వాలు

ఒక సైనికుడికి ఆర్మీ ఆసుపత్రిలో కడుపు ఆపరేషన్ అయింది. ఎనిమిది నెలల తర్వాత, సైన్యం నుంచి వచ్చేశాక, మళ్లీ పొట్ట కోయాల్సి వచ్చింది. లోపల ఏముందో తెలుసా? 30 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పున్న తువ్వాలు! దానిమీద 'మెడికల్ డిపార్ట్‌మెంట్, యూఎస్ ఆర్మీ' అన్న ముద్ర కూడా ఉంది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? అయినా ఓడిపోయాడు. 1950లో 'ఫెరెస్' తీర్పుగా పేరుపడ్డ కేసులో సుప్రీంకోర్టు, సైనిక సేవలో భాగంగా జరిగిన హానికి ప్రభుత్వం మీద నష్టపరిహార దావా వేయడం కుదరదని తేల్చేసింది. చికిత్స, వైకల్య పింఛను మాత్రం అడగొచ్చు. 1958లో చెప్పకుండా తనకు ఎల్‌ఎస్‌డీ ఇచ్చారంటూ కోర్టుకెక్కిన ఓ సార్జెంటు కూడా 1987లో 5-4 తేడాతో ఇలాగే ఓడిపోయాడు.

అంటే కంపెనీకి ప్రభుత్వం అడ్డు, ప్రభుత్వానికి ఫెరెస్ అడ్డు!

మేకబొచ్చు మిల్లుల లైసెన్సు

2003లో పేర్లు బయటపెట్టకుండా ఆరుగురు వాషింగ్టన్ కోర్టుకు వెళ్లారు. వాళ్లు పైసా పరిహారం అడగలేదు. అడిగిందల్లా ఒక్కటే... అసలు ఈ టీకాకు లైసెన్సు దేనికిచ్చారు? గల్ఫ్ యుద్ధం అనుభవంతో 1998లో చేసిన చట్టం ప్రకారం, ప్రయోగదశలో ఉన్న మందును సైనికుడి అంగీకారం లేకుండా ఇవ్వకూడదు. అధ్యక్షుడు మినహాయిస్తే తప్ప. ఇక 1970లో టీకాకు లైసెన్సు వచ్చింది మేకబొచ్చు శుద్ధిచేసే మిల్లుల కార్మికుల మీద జరిగిన అధ్యయనంతో. అక్కడ ఎక్కువగా కనిపించింది చర్మానికొచ్చే ఆంత్రాక్స్. సైన్యం భయమేమో పీల్చే గాలితో!

2003 డిసెంబరు 22న జడ్జి ఎమ్మెట్ సలివాన్ తప్పనిసరి టీకాను ఆపేశారు. సైనికుల్ని ప్రయోగాల ఎలుకల్లా వాడుకోకూడదన్నారు. ఎనిమిది రోజులకే ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 'పీల్చే ఆంత్రాక్స్‌కూ పనికొస్తుంది' అని ఉత్తర్వు ఇచ్చేసింది. ప్రజల అభిప్రాయం అడగలేదంటూ 2004 అక్టోబరులో దాన్నీ కొట్టేశారు సలివాన్. 2005లో ఇష్టమున్నవాళ్లకే సూది. ఎఫ్‌డీఏ ఆ తంతు పూర్తిచేశాక 2006లో ముప్పున్న ప్రాంతాలకు వెళ్లేవారికి మళ్లీ తప్పనిసరి. టీకా పనిచేస్తుందని, తగినంత సురక్షితమేనని నిపుణుల సంఘం 2002లోనే చెప్పింది. పోరాటం టీకా మంచిచెడ్డల కన్నా, అడగకుండా పొడవడం మీదే. ఈ తీర్పులతో పాత శిక్షలేవీ వాటంతటవే రద్దు కాలేదు.

ఈలోపు 2005 డిసెంబరులో వచ్చిన ప్రెప్ చట్టం తయారీదారులకు మరింత గట్టి గొడుగు పట్టింది. అత్యవసర ప్రకటన కిందకు వచ్చే టీకాలపై, కావాలని చేసిన తప్పని రుజువైతే తప్ప దావా చెల్లదు. 2020లో కొవిడ్ టీకాలూ ఆ గొడుగు కిందికే వచ్చాయి. 2021లో విదేశీ కంపెనీలు ఇలాంటి రక్షణే భారత్‌నూ అడిగాయి, బేరం తెగలేదు. అదే ఏడాది జనవరిలో హైదరాబాద్ భారత్ బయోటెక్ మాత్రం, టీకా వల్లే తీవ్ర హాని జరిగిందని తేలితే పరిహారం ఇస్తామని అంగీకారపత్రంలోనే రాసింది.

అమెరికా సైన్యంలో 2021 ఆగస్టులో కొవిడ్ టీకా తప్పనిసరి అయింది. వద్దన్న 8 వేల మందికిపైగా ఉద్యోగం పోయింది. 2023 జనవరిలో ఆ నిబంధన ఎత్తేశారు. 2025 జనవరిలో అధ్యక్షుడు ట్రంప్ వాళ్లను పాత జీతంతో సహా వెనక్కి తీసుకోమని ఉత్తర్వు ఇచ్చారు.

వేయించుకుని జబ్బుపడ్డామనేవారికి ప్రెప్ చట్టం కింద మిగిలింది పరిహార విభాగం ఒక్కటే. సూది వేసుకున్న ఏడాదిలోపు దరఖాస్తు పెట్టుకోవాలి. అది కాదంటే, దానిపై కోర్టుకు వెళ్లే వీల్లేదు.