వజ్రాలను చక్కగా వాడుకున్న బోట్స్వానా వాటిని దాటి ఎందుకు పోలేకపోయింది?

1966లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి బోట్స్వానాలో ఉన్నవి పశువుల మందలు, కరవు. దేశం మొత్తానికీ తారురోడ్డు పది పన్నెండు కిలోమీటర్లు. మరుసటి ఏడాది ఒరాపాలో వజ్రాలు బయటపడ్డాయి.

ఆ సొమ్ము దారి తప్పకుండా ఎలా చూశారు?

భూగర్భ సంపద తెగలది కాదు, దేశానిదని 1967లోనే చట్టం చేశారు. ఒరాపా ఉన్నది తొలి అధ్యక్షుడు సెరెట్సే ఖామా సొంత తెగ ప్రాంతంలోనే. తనవాళ్ల హక్కును వదిలించి మరీ ఆయన ఆ చట్టం తెచ్చారు. తర్వాత డి బీర్స్ కంపెనీతో గట్టిగా బేరమాడి గనుల్లో సగం వాటా రాబట్టారు. ఆ రాబడి బడులకు, ఆసుపత్రులకు, రోడ్లకు వెళ్లింది. మిగులును దాచడానికి 1994లో పులా నిధి పెట్టారు. ఇంత నిజాయితీగా గనులు నడిపిన దేశాలు అరుదు.

మరి ఇతర పరిశ్రమలు ఎందుకు పెరగలేదు?

గనిలో పని చేసేవి ఎక్కువగా యంత్రాలే. జ్వానెంగ్ వజ్రాల గని ఎంత సంపద తవ్వినా ఉద్యోగాలు కొద్దిమందికే. డబ్బంతా ఖజానాకు చేరి, జీతాలుగా, కాంట్రాక్టులుగా బయటికొస్తుంది. ఆ జీతాలతో కొనే సరుకు చాలావరకు దక్షిణాఫ్రికాది. జనాభా పాతిక లక్షలు, సముద్రతీరం లేదు. ఇంత చిన్న మార్కెట్టు కోసం ఫ్యాక్టరీ ఎవరు పెడతారు? 1990లలో రాజధాని గాబరోన్‌లో హ్యుందాయ్ కార్లు బిగించే కర్మాగారం దక్షిణాఫ్రికా కొనుగోలుదార్లను నమ్ముకుని నడిచింది. 2000లో మూతపడింది. 2013లో డి బీర్స్ ముడివజ్రాల అమ్మకాలు లండన్ నుంచి గాబరోన్‌కు తరలాయి. సానపట్టే పనీ కొంత వచ్చింది. మంచిదే, కానీ అదంతా మళ్లీ వజ్రం మీద బతుకే.

ఇప్పుడే ఎందుకు కష్టం ముంచుకొచ్చింది?

ప్రయోగశాలలో పెంచే వజ్రం, గనిలో దొరికే వజ్రం రెండూ కర్బనమే. కంటికి తేడా తెలియదు, ధర మాత్రం ఎంతో తక్కువ. మన సూరత్‌లోనూ వాటిని పెద్దయెత్తున తయారు చేస్తున్నారు. గిరాకీ పడిపోయి 2024లో బోట్స్వానా ఆర్థిక వ్యవస్థ కుంచించుకుపోయింది. పని చేసేవాళ్లను, పని వెతికేవాళ్లను కలిపి చూస్తే సుమారు నలుగురిలో ఒకరికి పని లేదు. 58 ఏళ్లుగా పాలించిన పార్టీని ఆ ఏడాదే ఓటర్లు దించేశారు.

ఎటు వెళ్లాలి?

కలహారి రాగి గనుల మీద చాలామంది ఆశ పెట్టుకున్నారు. అవీ గనులే కదా! ఒకవాంగో డెల్టా పర్యాటకం, పశుమాంసం ఎగుమతి, సౌరవిద్యుత్తు నిదానంగా పెరుగుతాయి. అయినా పులా నిధిలో మిగిలినదాన్ని ఎక్కువ చేతులకు పనిచ్చే ఇలాంటి వాటి మీదే పెట్టాలి, నిధి కరిగిపోక ముందే.