శస్త్రచికిత్సానంతర నొప్పి అంచనా

శస్త్రచికిత్సానంతర నొప్పి అంచనా అనగా ఆపరేషను జరిగిన రోగికి నొప్పి ఎక్కడ, ఏ విధంగా, ఎంత తీవ్రంగా ఉన్నదో తెలుసుకొని నమోదు చేసే పద్ధతి. రోగి మంచం వద్ద రాత్రింబవళ్ళు ఉండేవారు నర్సులు కనుక ఈ పని ప్రధానంగా వారిదే. జ్వరాన్ని థర్మామీటరుతో కొలవవచ్చు, రక్తపోటుకు పరికరం ఉన్నది. ఆసుపత్రి వార్డులో నొప్పిని నేరుగా కొలిచే యంత్రం మాత్రం లేదు. అందుచేత రోగి చెప్పే మాటే మొదటి ఆధారం.

నిర్వచనం

అమెరికాకు చెందిన నర్సు మార్గో మెకాఫరీ 1968లో, అనుభవించే వ్యక్తి దేనిని నొప్పి అంటే అదే నొప్పి అని నిర్వచించింది. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 1979లో ప్రకటించి 2020లో సవరించిన నిర్వచనం ప్రకారం, నొప్పి ఇంద్రియాలకూ మనసుకూ కలిగే ఒక అప్రియమైన అనుభవం. అది శరీర కణజాలానికి జరిగిన లేదా జరగగల హానితో ముడిపడినది కావచ్చు, లేక అటువంటి అనుభవాన్ని పోలినది కావచ్చు. మాటలలో చెప్పలేనంత మాత్రాన నొప్పి లేదని భావించరాదని కూడా ఈ సంఘం వివరించింది.

అంచనా అవసరం

పొట్ట లేదా ఛాతీ ఆపరేషను తరువాత నొప్పి అణగకపోతే రోగి గట్టిగా ఊపిరి పీల్చలేడు, దగ్గలేడు. దానివలన ఊపిరితిత్తులలో కఫం చేరి న్యుమోనియా రావచ్చు. లేచి నడవకపోతే కాళ్ళ సిరలలో రక్తం గడ్డకట్టవచ్చు. మరొక వైపు, మార్ఫిన్ వంటి ఓపియాయిడ్ మందులు మోతాదు మించితే మగత కమ్మి శ్వాస మందగించి ప్రాణాపాయం కలుగుతుంది. ఈ రెండు ప్రమాదాల మధ్య సరైన మోతాదు నిర్ణయించడానికి అంచనాయే ఆధారం.

నర్సు అడిగే ప్రశ్నలు

నొప్పి ఎక్కడ ఉన్నది, ఎప్పుడు మొదలైనది, మరొక చోటికి పాకుతున్నదా, దేనివలన పెరుగుతున్నది, దేనివలన తగ్గుతున్నది అని నర్సు అడుగుతుంది. నొప్పి స్వభావాన్ని కూడా అడగాలి. తెలుగువారు పోటు, సలుపు, మంట, లాగుడు, సూదులు గుచ్చినట్లు అని వేరువేరుగా చెబుతారు. ఈ మాటలకు వైద్యంలో విలువ ఉన్నది. మంట, కరెంటు షాకు కొట్టినట్లుండే నొప్పి నరం దెబ్బతిన్నదని సూచించవచ్చు. కనుక రోగి వాడిన మాటనే రాసుకోవడం మంచిది.

కదలకుండా పడుకున్నప్పుడు, కదిలినప్పుడు వేరువేరుగా అడగడం ముఖ్యం. పడుకుని ఉన్నప్పుడు 2 అని చెప్పిన రోగి, దగ్గమంటే 8 అని చెప్పవచ్చు. ఈ రెండవ అంకె తెలియకపోతే ఆ రోగి ఎందుకు నడవడం లేదో అర్థం కాదు.

కొలబద్దలు

* అంకెల కొలబద్ద: 0 అంటే నొప్పి లేదు, 10 అంటే ఊహించగలిగినంత తీవ్రమైన నొప్పి. సాధారణంగా 1 నుండి 3 స్వల్పం, 4 నుండి 6 మధ్యస్థం, 7 నుండి 10 తీవ్రం.
* మాటల కొలబద్ద: అంకెలు అలవాటు లేనివారిని లేదు, కొంచెం, ఒక మాదిరి, ఎక్కువ, భరించలేనంత అనే మాటలలో ఎంచుకోమంటారు.
* గీత కొలబద్ద: 100 మిల్లీమీటర్ల గీతపై రోగి గుర్తు పెడతాడు.
* ముఖాల కొలబద్ద: మూడేళ్ళు దాటిన పిల్లలు నవ్వు నుండి ఏడుపు వరకు ఉన్న ఆరు ముఖాలలో ఒకదానిని చూపుతారు. డొనా వాంగ్, కానీ బేకర్ 1980లలో అమెరికాలో దీనిని రూపొందించారు.
* ఫ్లాక్ కొలబద్ద: 1997లో ప్రచురితమైనది. మాటలు రాని పిల్లల ముఖం, కాళ్ళు, కదలిక, ఏడుపు, ఓదార్చితే ఊరుకోవడం అనే ఐదింటికి 0 నుండి 2 వరకు అంకెలు వేసి కలుపుతారు.

వెంటిలేటరు మీద ఉన్నవారికి, మతిమరుపు వ్యాధి గల వృద్ధులకు కూడా ఇటువంటి పరిశీలన కొలబద్దలు వేరుగా ఉన్నాయి. నాడి, రక్తపోటు పెరిగితేనే నొప్పి ఉన్నదనుకోరాదు. అవి భయం వలన, జ్వరం వలన కూడా మారవచ్చు. మామూలుగా ఉన్నా నొప్పి ఉండవచ్చు.

మళ్ళీ అంచనా

మందు ఇవ్వడంతో పని పూర్తి కాదు. సిరలోకి ఇచ్చిన మందుకు సుమారు 15 నుండి 30 నిమిషాలలో, మాత్రకు సుమారు గంటలో మళ్ళీ అడిగి నమోదు చేస్తారు. అప్పుడు మగత ఎంత ఉన్నది, నిమిషానికి ఎన్ని శ్వాసలు అనేవి కూడా చూస్తారు. నిద్రపోతున్న రోగికి నొప్పి లేదని అనుకోవడం పొరపాటు. అది నిద్రయో మందు మత్తో తెలుసుకోవడం అంతకంటే ముఖ్యం.

ప్రమాద సూచనలు

ఆపరేషను నొప్పి సాధారణంగా రోజురోజుకు తగ్గుతుంది. తగ్గిన నొప్పి హఠాత్తుగా పెరిగినా, పొట్ట గట్టిపడినా, పిక్క వాచి నొప్పి పుట్టినా, ఛాతీలో నొప్పి వచ్చినా మందు పెంచి ఊరుకోక వెంటనే వైద్యుని పిలవాలి. కట్టు కట్టిన కాలిలో లేదా చేతిలో, వేళ్ళు కదిలించినప్పుడు భరించలేని నొప్పి కలిగితే కండరాలలో ఒత్తిడి పెరిగిందని అనుమానించాలి.

అంకెకు గల పరిమితి

1995లో అమెరికన్ పెయిన్ సొసైటీ అధ్యక్షుడు జేమ్స్ కాంప్‌బెల్, ఉష్ణోగ్రత, నాడి, శ్వాస, రక్తపోటుల సరసన నొప్పిని ఐదవ జీవ సంకేతంగా చూడాలని కోరాడు. 2001లో అక్కడి ఆసుపత్రుల గుర్తింపు సంస్థ జాయింట్ కమిషన్ నొప్పి అంచనాకు ప్రమాణాలు అమలు చేసింది. దీనివలన నొప్పిని అడగడం అలవాటైనది. కాని అంకెను తగ్గించడమే లక్ష్యమై ఓపియాయిడ్ల వాడకం పెరగడానికి ఇదీ ఒక కారణమని తరువాత విమర్శలు వచ్చాయి. 2016లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఐదవ సంకేతమనే భావనను విడనాడాలని తీర్మానించింది. 2018లో అమలైన జాయింట్ కమిషన్ కొత్త ప్రమాణాలు అంకెతో పాటు రోగి కదలగలుగుతున్నాడా, మందు క్షేమంగా పనిచేస్తున్నదా అని చూడమన్నాయి.

రోగి, బంధువుల పాత్ర

బాధను ఓర్చుకోవడం గొప్ప అని, మందులు అలవాటైపోతాయని తలచి కొందరు పరవాలేదని చెబుతారు. కొన్నిసార్లు రోగికి బదులు బంధువులే జవాబిస్తారు. మాట్లాడగల రోగి విషయంలో రోగి స్వయంగా చెప్పినదే నమోదు చేయాలి. మాట్లాడలేని రోగి అయితే, అతని తీరు ఎరిగిన బంధువుల మాట నర్సుకు ఎంతో ఉపయోగపడుతుంది.