హైఫా కొండెక్కిన మైసూరు గుర్రాలు

బెంగళూరు జె.సి.నగర్‌లో ఒక రాతి స్తంభం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈజిప్టు, పాలస్తీనా నేలల మీద ప్రాణాలిచ్చిన మైసూరు లాన్సర్ల స్మారకం అది. దాని పక్కనుంచే రోజూ ఆఫీసులకు పరుగులు తీసే మనలో చాలామందికి ఆ రాయి చెప్పే కథ తెలియదు. తెలుసుకోవలసిన కథ అది.

బెంగళూరు నుంచి సూయజ్‌కు

1892లో ఏర్పడిన ఈ అశ్వికదళం మైసూరు సంస్థానానిది. 1914లో యుద్ధం మొదలవగానే మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడయార్ యుద్ధ ఖర్చులకు 50 లక్షల రూపాయలు ఇచ్చి, తన అశ్వికులనూ పంపారు. కల్నల్ దేశరాజ అర్సు, బి.చామరాజ అర్సు వంటి మైసూరు అధికారులు వారితో వెళ్లారు. సముద్రం దాటిన ఆ దళం ముందు సూయజ్ కాలువకు కాపలా కాసింది. జోధ్‌పూర్, హైదరాబాద్ లాన్సర్లతో కలిసి ఒకే బ్రిగేడ్‌గా పనిచేసింది. నిజాం అశ్వికులూ అందులో ఉన్నారు కాబట్టి ఈ కథలో మన హైదరాబాద్‌కూ వాటా ఉంది.

ఆ మధ్యాహ్నం

1918 సెప్టెంబరు 23. పాలస్తీనాలోని హైఫా రేవు పట్టణం టర్కీ సేనల చేతుల్లో ఉంది. ఒకవైపు కార్మెల్ కొండ, దాని మీద ఫిరంగులు. మరోవైపు కిషోన్ నది, గుర్రాల కాళ్లు దిగబడే ఊబి. మధ్యలో ఉన్నది ఇరుకు దారి. ఆ దారికి మరతుపాకుల గురి. హైదరాబాద్ లాన్సర్లకు బందీలను తరలించే పని పడటంతో దాడి భారం మిగతా రెండు దళాల మీద పడింది. కొండ మీది ఫిరంగులను పట్టుకోవడానికి మైసూరు అశ్వికుల్లో ఒక భాగం ఏటవాలు ఎక్కింది. జోధ్‌పూర్ లాన్సర్లు ఈటెలతో పట్టణం మీదికి దూసుకెళ్లారు. వారి నాయకుడు మేజర్ దల్పత్ సింగ్ ఆ దాడిలోనే నేలకొరిగాడు.

సాయంత్రానికి హైఫా లొంగింది. 1,350 మంది బందీలు, 17 ఫిరంగులు, 11 మరతుపాకులు చిక్కాయి. బ్రిగేడ్‌లో 8 మంది మరణించగా 34 మంది గాయపడ్డారు. 60 గుర్రాలు చనిపోయాయి. అక్టోబరు 26న అలెప్పో దగ్గర హరితాన్‌లో మళ్లీ మైసూరు, జోధ్‌పూర్ అశ్వికులే దాడికి దిగారు. అక్కడ 21 మంది పోయారు. మరో నాలుగు రోజులకే టర్కీతో సంధి కుదిరింది. ఇంటి దారి పట్టడానికి అంత దగ్గరలో ఉండి చనిపోయిన వారిని తలచుకుంటే గుండె బరువెక్కుతుంది.

ఊరు తయారుచేసిన ఆయుధం

ఆ యుద్ధానికి బెంగళూరు మనుషులనే కాదు, ఒక ఆయుధాన్నీ ఇచ్చింది. 1912లో ఇక్కడి మద్రాస్ సాపర్స్ దళంలో పనిచేసిన కెప్టెన్ మెక్‌క్లింటాక్, పేలుడు పదార్థం నింపిన గొట్టాలను ఒకదానికొకటి బిగించి ముళ్లకంచె కిందికి తోసి పేల్చే పద్ధతి కనిపెట్టాడు. దూరం నుంచే కంచె తెగి సైనికులకు దారి దొరికేది. ‘బెంగళూరు టార్పెడో’గా పేరుపడిన ఆ సాధనాన్ని 1944లో నార్మండీ తీరంలోనూ వాడారు. తరతరాలుగా తెలుగు యువకులు చేరుతున్న ఆ దళం నేటికీ మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ పేరుతో అలసూరు చెరువు దగ్గరే ఉంది.

మిగిలిన గుర్తులు

ఢిల్లీలో తీన్‌మూర్తి కూడలిలోని మూడు విగ్రహాలు మైసూరు, హైదరాబాద్, జోధ్‌పూర్ అశ్వికులవే. 2018లో ఆ కూడలికి హైఫా పేరు చేర్చారు. సంస్థానాల అశ్వికదళాలు కలిసి 1953లో ఏర్పడిన 61వ కావల్రీ ఆ వారసత్వాన్ని మోస్తోంది.

వాళ్లు పోరాడింది పరాయి పాలకుల సామ్రాజ్యం కోసం. అందుకే స్వాతంత్ర్యం తర్వాత వారిని తలచుకోవడానికి మనం వెనుకాడాం. కానీ యుద్ధం ఎవరిదైనా, పోయిన ప్రాణాలు మనవి. వచ్చే సెప్టెంబరు 23న బెంగళూరులో ఉంటే, పిల్లలను వెంటబెట్టుకుని జె.సి.నగర్ వెళ్లండి. ఆ స్తంభం ముందు నిలబడి ఈ కథ వారికి చెప్పండి.