985 కిలోల లెక్క: పాత జిప్సీని ఇంట్లో బాగుచేసే ముందు

మారుతీ జిప్సీ కింగ్, గుడ్డ టాపు మోడల్ ఖాళీ బరువు 985 కిలోలు. ఎంపీఎఫ్ఐ (పెట్రోలును ఇంజెక్టర్లతో చిమ్మే) ఇంజన్ ఇచ్చేది 80 హార్స్‌పవర్. అంటే టన్ను బరువుకు 81 చొప్పున. 2023లో మన దేశంలో అమ్మకానికొచ్చిన అయిదు తలుపుల జిమ్నీ దాదాపు 1,200 కిలోల బరువు తూగుతుంది. దాని 1.5 లీటర్ల ఇంజన్‌తో లెక్కేస్తే టన్నుకు 86 దగ్గర వస్తుంది. రెండింటికీ మధ్య ఇన్నేళ్లు గడిచినా తేడా అయిదే. ఇసుకలోనూ బురదలోనూ రాళ్ల మీదా జిప్సీ ఇప్పటికీ ఎక్కిపోతోందంటే అందులో ఇంజన్ ఘనత కొంతే, తేలికదనం పాలే ఎక్కువ.

పాత జిప్సీ కొని ఇంటి దగ్గరే బాగుచేసుకోవాలనుకునే చాలామంది మొదట పోగొట్టేది ఆ తేలికదనాన్నే. ముందూ వెనకా ఇనప బంపర్లు, ఒక వించి, పైన క్యారియరు, పెద్ద టైర్లు, వాటికి తగ్గ స్టెప్నీ. ఇవన్నీ కలిస్తే 150 కిలోలు ఇట్టే పెరుగుతాయి. అప్పుడు 1,135 కిలోలను అదే 80 హార్స్‌పవర్ లాగాలి. టన్నుకు 81 ఉన్నది 70కి పడిపోతుంది. ఇంజన్ జోలికి ఎవరూ పోకుండానే దాదాపు 11 హార్స్‌పవర్ ఊడబీకినట్టు లెక్క.

పోయినదాన్ని బోరు చేయించి తెచ్చుకుందామంటే కుదరదు. ఈ ఇంజన్ సిలిండరు వ్యాసం 74 మి.మీ., స్ట్రోకు 75.5 మి.మీ., మొత్తం 1,298 సీసీ. అర మిల్లీమీటరు పెద్ద పిస్టన్లు వేయిస్తే అది 1,316 సీసీ అవుతుంది. పెరిగింది 1.4 శాతం. అరిగిన సిలిండర్లలో పోయిన బిగువు తిరిగి తెచ్చుకోవడానికే బోరు చేయిస్తారు, కొత్త బలం కోసం కాదు.

1985 డిసెంబరులో జిప్సీ రోడ్డెక్కినప్పుడు దానిది 970 సీసీ ఇంజన్, 45 హార్స్‌పవర్. 1996లో 1.3 లీటర్ల జిప్సీ కింగ్ 60 హార్స్‌పవర్‌తో వచ్చింది. 2000లో కార్బరేటరు పోయి ఎంపీఎఫ్ఐ రావడంతో 80కి చేరింది. 2019లో మామూలు జనానికి అమ్మకం ఆగిపోయింది. పోలీసు శాఖ, అటవీ శాఖ, సైన్యం ఏళ్ల తరబడి వాడి వేలంలో వదిలించుకున్న బండ్లు ఇప్పుడు చేతులు మారుతున్నాయి. ఏది కొన్నా ఆర్సీలో ఉన్న ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు బండి మీద ఉన్నవాటితో కలుస్తున్నాయో లేదో సొంత కళ్లతో చూసుకున్నాకే బయానా ఇవ్వాలి.

పనిలో మొదటి వంతు తుప్పుది. తీరప్రాంతంలో, విశాఖలోనో కాకినాడలోనో తిరిగిన బండి అయితే ఉప్పుగాలి దాన్ని లోపల్నుంచి తినేసి ఉంటుంది. పైరంగు చూసి ఏమీ చెప్పలేం. మ్యాట్లు ఎత్తి ఫ్లోరు చూడాలి. ముందద్దం చట్రం అడుగు, బాడీని ఛాసిస్ మీద కూర్చోబెట్టే రబ్బరు బుష్‌ల చోట్లు, వెనక కమాన్ కట్టల కొక్కేలు తగిలే చోటు చూడాలి. చిన్న సుత్తితో ఛాసిస్ పొడుగునా తట్టుకుంటూ వెళ్లండి. గట్టి ఇనుమైతే ఖంగుమంటుంది, తుప్పు తిన్న చోట పెళుసుగా డొల్లమోత వస్తుంది. సుత్తి దెబ్బకు రేకు లోపలికి పోతే అక్కడ ఇనుము మిగల్లేదన్నమాట.

ఫ్లోరు రేకు సుమారు ఒక మిల్లీమీటరు మందమే కనుక దానికి మిగ్ వెల్డింగే తగినది. సన్నని 0.8 మి.మీ. తీగతో సెంటీమీటరు, రెండు సెంటీమీటర్ల చొప్పున అక్కడొక అతుకు, ఇక్కడొక అతుకు వేస్తూ, మధ్యలో చల్లారనిస్తూ పోవాలి. ఒకే గీతగా లాగిస్తే రేకు అప్పడంలా వంకర్లు తిరుగుతుంది. వెల్డింగు మొదలుపెట్టేముందు బ్యాటరీ తీగలు విప్పాలి, ఎంపీఎఫ్ఐ బండి అయితే ఇంజన్‌ను నడిపే కంప్యూటరు, ఈసీయూ ప్లగ్గు కూడా పీకాలి. ఫ్లోరు వరకు నేర్చుకుంటే ఇంట్లో చేసుకోవచ్చు. ఛాసిస్ అతుకు మాత్రం చేయి తిరిగిన వెల్డరుకే అప్పగించాలి. మనుషుల ప్రాణాలను మోసేది అదే. బండి కింద పడుకుని పనిచేసేటప్పుడు జాకీ ఒక్కదాన్నే నమ్మకండి, ఇటుకల్ని అసలే నమ్మకండి. మూడు టన్నుల జాక్ స్టాండ్లు రెండు, ఛాసిస్ కింద.

ఇంజన్ విప్పే ముందు కంప్రెషన్ గేజి పెట్టి చూడాలి. ఈ జాతి ఇంజన్‌కు ఉండాల్సింది చదరపు సెంటీమీటరుకు 14 కిలోలు. 12 కంటే దిగితే పని పడినట్టే. ఏ రెండు సిలిండర్ల మధ్యా తేడా ఒక కిలోకు మించకూడదు. నాలుగూ 13 చూపిస్తుంటే ఆ ఇంజన్‌ను కదపకండి. టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, రబ్బరు పైపులు మార్చుకుంటే చాలు. బెల్టు రబ్బరుదే కాబట్టి తిరక్కుండా షెడ్డులో పడివున్నా వయసుకే చెడుతుంది. బాగున్న ఇంజన్‌ను ‘ఎలాగూ పని పెట్టుకున్నాం కదా’ అని విప్పించడమంత దండగ ఇంకోటి లేదని నా గట్టి అభిప్రాయం. ఆ డబ్బు బ్రేకులకు పనికొస్తుంది.

ముందు యాక్సిల్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. పాత జిప్సీల్లో 50, 60 వేగంలో ఏదో చిన్న గుంతలో పడగానే స్టీరింగు గజగజ వణుకుతుంది. చాలామంది టైర్లు బ్యాలెన్సు చేయిస్తారు, అది ఆగకపోతే స్టీరింగ్ డాంపరు పెట్టిస్తారు. వణుకు కనపడకుండా పోతుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. అసలు దోషం తరచుగా కింగ్‌పిన్ బేరింగుల్లో ఉంటుంది. చక్రం ఎత్తి, పైనా కిందా రెండు చేతులతో పట్టుకుని ఊపితే టకటకమంటుంది. ఈ బేరింగు గుండ్రంగా తిరిగేది కాదు, స్టీరింగు తిప్పినంతమేర కొద్దిగా అటూ ఇటూ మాత్రమే కదులుతుంది. దాంతో రోలర్లు ఏళ్ల తరబడి ఒకే చోట ఒత్తి గాడులు పెడతాయి. కొత్తవి వేశాక బిగువు ఎంత ఉండాలో కొలవడానికి ఖరీదైన పనిముట్టేమీ అక్కర్లేదు. కొక్కెం ఉన్న స్ప్రింగు త్రాసు చాలు. సీలు పెట్టకముందు టై రాడ్ తగిలించే చోట కొక్కెం వేసి లాగితే, నకిల్ కదలడం మొదలయ్యేసరికి ముల్లు 1 నుంచి 1.8 కిలోల మధ్య ఉండాలి. తక్కువైతే కింగ్‌పిన్ కింద పెట్టే పల్చటి షిమ్ ఒకటి తీయాలి, ఎక్కువైతే చేర్చాలి. ఓ పూట పనితో వణుకు వదిలిపోతుంది.

ఇక టైర్లు. అసలు తగువంతా ఇక్కడే. చాలా జిప్సీలకు వేసే 205/70 ఆర్15 టైరు ఎత్తు 668 మి.మీ. ఆఫ్‌రోడ్ అంటూ వేయించుకునే 235/75 ఆర్15 ఎత్తు 733.5 మి.మీ. తేడా 65 పైచిలుకు. అందులో సగం, అంటే 33 మి.మీ., బండి పైకి లేస్తుంది. రాయి తగలకుండా ఉండటానికి అది మంచిదే. కానీ చుట్టుకొలత 9.8 శాతం పెరిగిందంటే ప్రతి గేరూ అంత ‘పొడుగు’ అయినట్టే. చక్రం నేలను నెట్టే బలం దాదాపు 9 శాతం తగ్గుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్‌లో వేసుకునే లో రేంజ్ గేరు ఉంది కదా అంటారు. హై రేంజ్‌లో 1.409 ఉన్న నిష్పత్తి లో రేంజ్‌లో 2.268 అవుతుంది, కాబట్టి చక్రానికి టార్క్ 61 శాతం ఎక్కువ అందుతుంది. కొండ ఎక్కడానికి అది సరిపోవచ్చు. రోజూ తిరిగే రోడ్డు మీద లో రేంజ్ వేసుకోం కదా.

బ్రేకుల సంగతి ఇంకా గట్టిది. స్పీడోమీటరు 60 చూపిస్తున్నప్పుడు పెద్ద టైర్ల బండి నిజానికి 66 వేగంలో ఉంటుంది. ఆపాల్సిన శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది కనుక ఆ ఒక్కదానివల్లే 21 శాతం అదనం. ఇద్దరు మనుషులతో 1,135 కిలోలుండే బండికి ఇనప సామాను 150 కిలోలు చేరిస్తే ఇంకో 13 శాతం. రెండూ కలిసి 36 శాతానికి పైనే. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు మాత్రం ఫ్యాక్టరీలో పెట్టినవే, పైగా ఎత్తు టైరువల్ల అదే పెడల్ తొక్కుడుకు నేల మీద పట్టు 9 శాతం తగ్గింది. మూడోవంతుకు మించి అదనపు వేడిని ఆ పాత డిస్కులే మింగాలి. ఘాట్ రోడ్డు దిగుతున్నప్పుడు ఈ అంకెలు గుర్తుంటే చాలు, టైర్ల షాపులో నోరు అదుపులో ఉంటుంది.

అందుకే బ్రేకు ఆయిల్ మార్చడం నా లెక్కలో అన్నిటికంటే లాభసాటి పని. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. గాలిలో తేమ పీల్చుకుని నీరు 3.7 శాతానికి చేరితే ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కు ఇవే అంకెలు 230, 155. మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ నేలకు దిగిపోతుంది. పాత బండిలో ఆయిల్ ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియదు గనక కొన్న వారంలోనే మార్చేయాలి. వీల్ సిలిండర్ల రబ్బర్లు, ముందు చక్రాల దగ్గరి హోసులు కూడా అప్పుడే.

ఎత్తు పెంచే మోజు గురించి ఒక్క లెక్క చెప్పి వదిలేస్తాను. జిప్సీ ముందు చక్రాల మధ్య దూరం 1,300 మి.మీ. గురుత్వ కేంద్రం నేలకు 650 మి.మీ. ఎత్తులో ఉందనుకుందాం. చక్రాల దూరంలో సగాన్ని ఆ ఎత్తుతో భాగిస్తే 1.0 వస్తుంది. ఈ అంకె తగ్గేకొద్దీ బండి పల్టీ కొట్టడం సులువవుతుంది. కమాన్ కట్టలు రెండంగుళాలు లేపి, పెద్ద టైర్లు వేస్తే కేంద్రం 730కి చేరి అంకె 0.89కి జారుతుంది. ఇంకో దారి చూడండి. కమాన్లు కదపలేదు, టైర్లు మార్చలేదు. పైన క్యారియరు బిగించి సామానుతో కలిపి 60 కిలోలు 1.9 మీటర్ల ఎత్తున పెట్టారు. కేంద్రం 72 మి.మీ. పైకి పోతుంది. దాదాపు అదే ప్రమాదం, పైగా కంటికి కనపడనిది.

వించి కొనేవాళ్లు 9,500 పౌండ్లదే కావాలంటారు. బండి మొత్తం బరువుకు ఒకటిన్నర రెట్లు లాగగలిగితే చాలన్నది అందరూ పాటించే లెక్క. మనుషులు, సామానుతో 1,500 కిలోలనుకుంటే 2,250 కిలోలు, సుమారు 5,000 పౌండ్లు. ఇనప తాడు బదులు సింథటిక్ తాడు ఉన్న చిన్న వించి తీసుకుంటే ముందు కమాన్ల మీద బరువు ఎంతో తగ్గుతుంది.

చాలామంది పట్టించుకోనిది హెడ్‌లైట్ల తీగలు. రెండు 60 వాట్ల బల్బులు 10 యాంపియర్లు లాగుతాయి. ఆ కరెంటంతా ముప్పై ఏళ్ల నాటి సన్నని తీగల్లోంచి, స్విచ్చులోంచి రావాలి. బ్యాటరీ దగ్గర 13.5 వోల్టులున్నది బల్బు దగ్గరికి వచ్చేసరికి 12 అయిందనుకోండి. వోల్టేజీలో తగ్గింది తొమ్మిదో వంతే అయినా హాలొజన్ బల్బు కాంతి మూడోవంతు పోతుంది. రెండు రిలేలు, ఒక ఫ్యూజు, బ్యాటరీ నుంచి నేరుగా మందపాటి తీగ వేస్తే అవే బల్బులు కొత్తగా వెలుగుతాయి. ఎదుటివాడి కళ్లు చెదరగొట్టే ఎల్ఈడీల అవసరం ఉండదు.

పెట్రోలు కూడా మారింది. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. లీటరు పెట్రోల్లో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే ఇథనాల్లో 21 మాత్రమే. కలిపితే లీటరుకు దాదాపు 7 శాతం తక్కువ. 40 లీటర్ల ట్యాంకుతో 400 కి.మీ. వెళ్లే బండి 373 దగ్గర ఆగుతుంది. దానికంటే ముఖ్యం, పాత రబ్బరు పైపులను ఇథనాల్ ఉబ్బించి చీలుస్తుంది. ట్యాంకు నుంచి ఇంజన్ దాకా ఇథనాల్‌ను తట్టుకునే పైపులు వేయించడం నిప్పు ప్రమాదం తప్పించే పని. కార్బరేటరు బండికి జెట్లు కూడా చూపించాలి.

చట్టం సంగతి టైరు కొనేముందే తెలియాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద తయారీదారు ఇచ్చిన రూపురేఖలకు భిన్నంగా బండిని మార్చడం కుదరదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. 182ఎ సెక్షన్ ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ముందు బిగించే బుల్‌బార్లు 2017 డిసెంబరు నుంచే కూడవు. డీజిల్ ఇంజన్ ఎక్కించాలనుకుంటే ముందే ఆర్టీఏ అనుమతి తీసుకుని ఆర్సీలో రాయించుకోవాలి. 15 ఏళ్లు నిండిన ఆర్సీని అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటిన కారుకు ఆ రుసుము 10,000 రూపాయలు.

ఇంకో నిబంధన జిప్సీ యజమానులకు మున్ముందు పనికొస్తుంది. 2021 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. షరతు ఏమిటంటే ఛాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలోనే ఉండాలి. మొదటి జిప్సీలు ఆ వయసుకు 2035, 36లలో చేరతాయి. కాబట్టి విప్పిన కమాన్ కట్టలు, బంపర్లు, చక్రాలు, కార్బరేటరు పాత సామాన్లవాడికి తూకానికి వేయకండి. నూనె రాసి, గుడ్డ చుట్టి, ఏది ఎక్కడిదో చీటీ కట్టి అటక మీద పెట్టండి.