కనిపించని కణానికి తీగల వల

శాస్త్రవేత్త అనగానే మన ఇళ్లలో అందరికీ పెద్ద పెద్ద లెక్కలు వేసే మేధావే గుర్తొస్తాడు. స్క్రూడ్రైవర్ పట్టి తీగలు బిగించేవాణ్ణి మిస్త్రీ అంటామే గాని శాస్త్రవేత్త అనం. ఇల్మ్ ఒకవైపు, హునర్ మరోవైపు అని మధ్యలో గీత గీసింది మనమే. 1992లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న జార్జ్ షర్పాక్ జీవితం చదివితే ఆ గీత ఎంత తప్పో తెలుస్తుంది.

షర్పాక్ 1924 ఆగస్టు 1న అప్పటి పోలండ్‌లో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. ఆయన పుట్టిన ఊరు నేడు ఉక్రెయిన్‌లో ఉంది. ఏడేళ్ల వయసులో తల్లిదండ్రులతో పారిస్ చేరారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నాజీలను ప్రతిఘటించిన వారితో కలిసి పనిచేసినందుకు 1943లో జైలుపాలయ్యారు. 1944లో జర్మనీలోని డాఖావ్ నిర్బంధ శిబిరానికి తరలించారు. 1945లో శిబిరానికి విముక్తి కలిగేదాకా అక్కడే ఉన్నారు. చదువుకోవలసిన వయసు ఖైదులో గడిచినా, బయటికి వచ్చిన మనిషి చదువును వదల్లేదు. ముందు గనుల ఇంజినీరింగ్ విద్య, తర్వాత ఫ్రెడరిక్ జోలియో క్యూరీ వంటి ఉస్తాద్ దగ్గర అణుభౌతిక పరిశోధన. 1959లో జెనీవా దగ్గరున్న సెర్న్ ప్రయోగశాలలో చేరి, 1991లో పదవీ విరమణ చేసేదాకా అక్కడే పనిచేశారు.

ఇంతకూ ఆయన చేసిన పని ఏమిటి? రాత్రి ఇసుకలో పాము పాకి వెళితే తెల్లవారి మనకు పాము కనిపించదు, దాని జాడ కనిపిస్తుంది. అణువు లోపలి కణాలదీ అదే సంగతి. వాటిని చూసిన కన్ను లేదు, జాడే ఆధారం. ఆ జాడను పట్టే పరికరాన్నే డిటెక్టర్ అంటారు. 1960లలో ఈ పనికి బబుల్ ఛాంబర్ వాడేవారు. అందులోని ద్రవంలో కణం వెళ్లిన దారి వెంబడి బుడగలు లేస్తాయి, వాటికి ఫొటో తీస్తారు. ఆ ఫొటోలను మనుషులు కూర్చుని ఒక్కొక్కటిగా పరిశీలించాలి. కొన్ని సంఘటనలు కోట్లలో ఒకసారి మాత్రమే జరుగుతాయి. సెకనుకు ఒకటో రెండో ఫొటోలతో అలాంటి వాటిని పట్టేదెప్పుడు?

1968లో షర్పాక్ దీనికి దారి కనిపెట్టారు. వాయువు నింపిన పెట్టెలో వెంట్రుకలాంటి సన్నని తీగలను కొద్ది మిల్లీమీటర్ల ఎడంతో వరుసగా బిగించి, విద్యుత్తు వోల్టేజి ఇచ్చారు. కణం దూసుకుపోతూ వాయువులోని అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంది. అవి దగ్గరలో ఉన్న తీగ వైపు పరుగెత్తుతూ, దాని సమీపంలో వేలాదిగా పెరిగి, ఆ తీగలో చిన్న సంకేతం పుట్టిస్తాయి. ఏ తీగ పలికిందో తెలిస్తే కణం ఎటు వెళ్లిందో తెలిసినట్టే. ఒక గొట్టంలో ఒకే తీగ ఉండే పరికరం అంతకుముందే ఉంది. తీగలను పక్కపక్కన పెట్టినా దేనికదే విడిగా పలుకుతుందని చూపడమే షర్పాక్ ఘనత. ప్రతి తీగకూ సొంత యాంప్లిఫయర్ తగిలించి, సంకేతాలను నేరుగా కంప్యూటర్‌కు పంపారు. దాంతో పని వేయి రెట్లు వేగమైంది. ఈ ఆవిష్కరణను ప్రకటించిన వ్యాసంలో షర్పాక్ పేరు వెంట టెక్నీషియన్ రోజర్ బూక్లియే పేరు కూడా అచ్చయింది. ఈ సంగతిని పాఠకులు ప్రత్యేకంగా గమనించాలి.

ఫలితం చూడండి. 1974లో శామ్యూల్ టింగ్ బృందం జె కణాన్ని కనుగొన్నది ఈ తీగల ఛాంబర్ల సాయంతోనే. అబ్దుస్ సలామ్, వైన్‌బర్గ్, గ్లాషో సిద్ధాంతం చెప్పిన డబ్ల్యు, జెడ్ కణాలు 1983లో సెర్న్‌లో దొరికాయి. వాటి జాడ పట్టిన పరికరాల్లో షర్పాక్ పద్ధతి నుంచి ఎదిగిన ఛాంబర్ ఒకటి. సలామ్ వంటివారు కాగితం మీద రాసినదాన్ని లోకం నమ్మడానికి తీగలు బిగించిన చేతులు కావలసి వచ్చాయి.

షర్పాక్ అంతటితో ఆగలేదు. తన డిటెక్టర్లను వైద్యానికి మళ్లించారు. వాటి నుంచి రూపొందిన ఎక్స్‌రే యంత్రాలు నేడు వెన్నెముక వంకర ఉన్న పిల్లలకు మామూలు కంటే తక్కువ రేడియేషన్‌తో ఫొటో తీస్తున్నాయి. 1996లో మరికొందరు శాస్త్రవేత్తలతో కలిసి ఫ్రాన్స్ ప్రాథమిక పాఠశాలల్లో ఒక ఉద్యమం ప్రారంభించారు. దాని పేరుకు ‘పిండిలో చెయ్యి’ అని అర్థం. అంటే పిల్లవాడు పాఠం వల్లించడం కాదు, ప్రశ్న వేసి, తన చేత్తో ప్రయోగం చేసి, చూసింది తన మాటల్లో నోటుబుక్కులో రాసుకోవాలి. 2010 సెప్టెంబర్ 29న ఆయన కన్నుమూశారు.

మన వీధుల్లో మోటారు వైండింగ్ దుకాణాల్లో రాగి తీగ చుట్టే కుర్రాళ్లు ఎందరో ఉన్నారు. వారి వేళ్లలో ఉన్న నేర్పు తక్కువదేమీ కాదు. అలాగని పిల్లల్ని బడి మాన్పించి దుకాణాల్లో పెట్టండని మేము అనడం లేదు. షర్పాక్ కూడా చదివిన తర్వాతే తీగ పట్టారు. మేము కోరేది ఒక్కటే. దుకాణంలో ఉన్న బిడ్డకు పుస్తకం అందించండి. పుస్తకం పట్టిన బిడ్డ పాత రేడియో విప్పి కూర్చుంటే కసరకండి. ఆ విప్పిన రేడియోను మళ్లీ ఎలా బిగిస్తావని అడగండి.