కంటికి కనపడని పొగ

నిప్పు లేనిదే పొగ రాదన్నారు మన పెద్దలు. వచ్చిన ఆ పొగ ఎక్కడికి పోతుందని మాత్రం మనం ఆలోచించలేదు. ఆకాశంలో కలిసిపోతుందిలే అనుకున్నాము. ఆకాశానికి దారి లేనప్పుడు అది మన గుండెల్లోకే వస్తుందని లోకానికి తెలియజెప్పిన నగరం లండన్.

1952 డిసెంబరు 5వ తేదీ. ఎముకలు కొరికే చలి. ఇంటింటా బొగ్గు మండుతున్నది. మామూలుగా నేలనంటిన గాలి వెచ్చబడి పైకి పోతూ పొగను తన వెంట తీసుకొనిపోతుంది. ఆనాడు అలా జరుగలేదు. నేలమీద చల్లగాలి, దానిపైన వెచ్చని గాలిపొర! కుండమీద మూకుడు బోర్లించినట్లయినది. బొగ్గులోని గంధకం మంచుతో కలిసి ఆమ్లమైనది. అయిదు రోజులపాటు ఊరు ఊరంతా అందులో మునిగిపోయింది. కండక్టర్లు దీపాలు పట్టుకొని బస్సులముందు నడిచారు. ప్రేక్షకులకు రంగస్థలం కనపడక ఒక నాటకశాలలో సంగీతనాటకాన్ని మధ్యలోనే ఆపివేశారు.

ఇంతవరకు వింత. తీరా చావుల లెక్క చూస్తే, మామూలుకంటె సుమారు 4,000 మంది ఎక్కువగా పోయారు! తరువాతి పరిశోధకులు ఆ సంఖ్యను 12,000 దాకా తీసుకొనిపోయారు.

అప్పుడు గాని ప్రభుత్వం కదలలేదు. 1956లో చట్టం చేసి, కొన్ని ప్రాంతాలలో పొగవచ్చే బొగ్గును నిషేధించారు. ఇంటివారు పొయ్యిలు మార్చుకొనడానికి ఖర్చులో కొంత భాగం ఇచ్చారు. అయినా 1962 డిసెంబరులో మరొకసారి పొగమంచు పట్టి ప్రాణాలు తీసింది. చట్టం ఒక్కనాటిలో గాలిని కడగలేదు గదా!

ఆ పొగ కంటికి కనిపించింది. నేటి శత్రువు చాలావరకు కనిపించదు. తలవెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతు వుండే నలుసులు మోటారు వాహనాల నుంచి, బొగ్గుతో నడిచే విద్యుత్కేంద్రాల నుంచి, ఇటుక బట్టీల నుంచి, చెత్తకుప్పల మంటల నుంచి వస్తున్నవి. ఇవి ఊపిరితిత్తుల అడుగుకు పోయి, అక్కడినుంచి నెత్తురులో కలుస్తాయి. కాబట్టే గాలి చెడితే దగ్గు, ఆయాసం మాత్రమే కాదు, గుండెజబ్బు, పక్షవాతం కూడా వస్తాయి. బయటి గాలి కాలుష్యంవల్ల 2019లో 42 లక్షలమంది అకాలమరణం పాలయ్యారని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా.

ఇంటిలోని పొగ సంగతి వేరే చెప్పాలి. మా అమ్మ పాతికేళ్లు కట్టెలపొయ్యి ఊదింది. ఏనాడూ చుట్టగాని బీడీగాని ముట్టి ఎరుగదు. అయినా ఆమె ఛాతీ పరీక్షించిన డాక్టరు, “ఇంట్లో వీరికి పొగతాగే అలవాటు వున్నదా?” అని నన్ను చాటుగా అడిగాడు. మాకందరికీ వేడివేడిగా వండిపెట్టడమే ఆమెకున్న అలవాటు! ఇప్పుడు ఇంట్లో గ్యాసు వున్నది. ఆమెకు నాలుగు మెట్లెక్కే ఊపిరి లేదు.

మన దేశంలోనూ ప్రయత్నాలు జరుగకపోలేదు. 1981లో వాయుకాలుష్య నివారణ చట్టం వచ్చింది. 2000లో సీసం కలిపిన పెట్రోలు పోయింది. సుప్రీంకోర్టు ఆజ్ఞతో 2002 చివరికి ఢిల్లీ సిటీబస్సులు సహజవాయువుకు మారాయి. 2019లో మొదలైన జాతీయ శుద్ధవాయు పథకంలో హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం కూడా వున్నవి. పథకంలో పేరుండడం గౌరవం కాదు సుమా, గాలి ప్రమాణానికి తగినట్లు లేదని అర్థం!

మనవంతు పని కొంచెమే. చెత్తకు, ఎండుటాకులకు నిప్పు పెట్టకుండా ఎరువు చేయవచ్చు. భోగిమంటలో పాత టైర్లు వేయకుండా పిల్లలకు చెప్పవచ్చు. కట్టెలపొయ్యి తప్పనిచోట కనీసం పొగగొట్టం పెట్టించవచ్చు. మిగిలినదంతా అడిగి చేయించుకోవలసినదే.

కుళాయినీరు రంగు మారితే మునిసిపాలిటీ మీదికి వెళతాము. మనిషి రోజుకు తాగే నీరు రెండు మూడు లీటర్లు. పీల్చే గాలి సుమారు 10,000 లీటర్లు. దానిని గురించి అడగడానికి మొగమాటమెందుకు?